సుద్దగీత మీద పది అడుగులు

మే 6

పిట్టకి,

పేరుకి పిట్టవే గానీ గద్దలు తిరిగే ఎత్తున మకాం పెట్టావు. అన్నయ్య దీవెనలు అంత పైకి ఎక్కుతాయో లేదో తెలియదు. గురువారం లారీ నడిమి క్యాంపు దాకా ఎక్కుతుంది కాబట్టి ఈ ఉత్తరం డ్రైవర్ చేతిలో పెడుతున్నాను. మీ కొండ మీద ఫోను మోగే రోజు ఎప్పుడొస్తుందో!

సంగతి చెబుతాను, కూర్చుని చదువు. మొన్న ఆదివారం ప్రార్థన గదిలో, దేవుడి ఆజ్ఞలు చెక్కిన రాతిపలకలు మోసుకుంటూ కొండ దిగివచ్చిన పెద్దాయన గురించి చెబుతున్నాను. చెబుతూ ఉండగానే లోపల నిప్పు రాజుకుంది. "దేవుడు మాట్లాడాలనుకున్నప్పుడల్లా మనిషిని కొండ మీదికే ఎందుకు పిలిచాడు? ఈ లారీల మోతలో మనకి ఆయన గొంతు వినపడుతుందా?" అని బల్ల గుద్దాను. వెనక వరసలోంచి బేకరీ తాత లేచి, "అయితే తీసుకుపో మరి! ఊరికే అరవడం దేనికి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "తీసుకుపోతాను" అన్నాను. మాటిచ్చేశాను.

మీ వదినతో, నాతో కలిపి పన్నెండుగురం. జులై మొదటి శనివారం తెల్లవారుతూనే లారీలో బయల్దేరి, నడిమి క్యాంపులో దిగి, నడిచి సాయంత్రానికి పై క్యాంపులో నీ ముందు ఉంటాం. ఆదివారం సూర్యోదయానికి మీ పెద్దబండ మీద నిలబడి నేను వాక్యం చెబుతాను. ముందు రెండు రోజులూ అందరం ఉపవాసం. డప్పు తెస్తున్నాం. గుడారం నేనే కుట్టాను. లారీల మీద కప్పే మందపాటి కాన్వాసు, రెండు పోగుల దారం, కుట్టు మీద మైనం. లోపల కొవ్వొత్తి వెలిగించి మీ వదినని బయటినుంచి అట్టముక్కతో విసరమన్నాను. మంట కదిలితే ఒట్టు! గుడారాలు కుట్టి బతికిన అపొస్తలుడు చూసి ఉంటే నన్ను పనిలో పెట్టుకునేవాడు.

అందరికీ ఏం చెబుతున్నానో తెలుసా? "పన్నెండు వేల అడుగుల ఎత్తున గేటు తాళాలు ఎవరి నడుముకి వేలాడుతున్నాయి? మా చెల్లెలి నడుముకి!" అని. మా కోసం ఆ గేటు బార్లా తెరిచి ఉంచు.

దీవెనలతో,
నీ అన్నయ్య


మే 14

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితంలోంచి కూడా బల్ల గుద్దిన చప్పుడు వినిపించింది. నువ్వు వస్తున్నావంటే నాకు కాలు నిలవడం లేదు. ఆరేళ్లుగా పిలుస్తున్నాను. పెద్దబండ మీద నిలబడి చూస్తే మబ్బులు పాదాల కింద ఉంటాయి. అది నీకు చూపించాలని ఎంత కోరికో!

ఇక్కడ మంచు పోతోంది. నీళ్ల గొట్టం మూడు చోట్ల పగిలింది. మొత్తం విప్పి మళ్లీ నేనే బిగించాను. చేతులు చూస్తే నీ చేతుల్లా తయారయ్యాయి.

ఇక ప్రయాణం సంగతి. శనివారం బయల్దేరి శనివారమే పైకి రావడం కుదరదు. గురువారమే వచ్చి నడిమి క్యాంపులో రెండు రాత్రులు పడుకోవాలి. ఇక్కడ గాలి పలచన. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి. ఉపవాసం వద్దే వద్దు. బాగా తినాలి, దాహం లేకపోయినా నీళ్లు తాగాలి. డప్పు కూడా వద్దు. పైన రాళ్లు వదులుగా ఉన్నాయి, పక్క వాలులో గొర్రెలు ఈనుతున్నాయి. గుడారానికి ఎదురెదురుగా రెండు గాలి కిటికీలు పెట్టు. పన్నెండు మంది ఊపిరి లోపలే ఉండిపోతే తెల్లారేసరికి అదే నీళ్లయి మీ మీద కురుస్తుంది.

నా దగ్గర కొండెక్కేవాళ్ల రిజిస్టరు ఒకటి ఉంటుంది. వచ్చినవారు, దిగినవారు, మోసుకుని దించినవారు అని గడులు. చివరి గడి "తమంతట తాము వెనక్కి మళ్లినవారు." ఆరేళ్లలో ఆ గడిలో ఒక్క పేరు కూడా పడలేదు. అంతా మొనగాళ్లే వస్తారు మరి! అందుకే ఇంత చెబుతున్నాను.

వదినని మోకాలికి పట్టీ తెచ్చుకోమను.

నీ
పిట్ట


మే 20

పిట్టకి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా, నోటీసా?

ప్రార్థన గదిలో చదివి వినిపిద్దామని గొప్పగా విప్పాను. ప్రయాణం సంగతికి వచ్చేసరికి గొంతు తగ్గించాల్సి వచ్చింది. ఉపవాసం వద్దా? పలకలు తెచ్చిన పెద్దాయన కొండ మీద నలభై రోజులు రొట్టె తినకుండా, నీళ్లు తాగకుండా ఉన్నాడు. ఆయనకి అలవాటు పడమని ఎవరైనా రెండు రాత్రులు వ్యవధి ఇచ్చారా? డప్పు వద్దా? గొర్రెల కోసం దేవుడి స్తుతి ఆపాలా?

అవన్నీ పోనీ. నా గుడారానికి చిల్లులు పెట్టమంటావా! ముప్పై ఏళ్లలో నేను కుట్టిన కాన్వాసులోంచి ఒక్క చినుకు దిగిందని ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి చూపలేదు. గాలి పోకుండా కుట్టడం నా విద్య. దానికి నా చేత్తో నేనే కత్తెర పెట్టాలా?

లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. ఆ అక్షరాలే కాన్వాసు ముక్క మీద రంగుతో రాసి నీకు దిద్దించాను. మర్చిపోలేదు కదా? విశ్వాసం గురించి నాకు నేర్పేంత ఎత్తు ఇంకా ఎదగలేదులే. నువ్వున్న చోటే ఎత్తు.

శనివారమే వస్తాం.

అన్నయ్య


మే 28

అన్నయ్యకి,

మర్చిపోలేదు. ఏదీ మర్చిపోలేదు. నువ్వు చెప్పిన కథలు అసలే మర్చిపోలేదు. అందుకే ఒకటి నీకే అప్పజెబుతాను.

ఒక ప్రవక్త ప్రాణభయంతో అడవిలోకి పారిపోయి, ఒక పొద కింద పడుకుని "ఇక చాలు దేవా, నన్ను తీసుకుపో" అన్నాడు. దూత వచ్చి ఏం చేసింది? ప్రసంగం చేసిందా? లేదు. తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు పెట్టింది. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమంది. ఎందుకని? ముందున్న దారి నీ బలానికి మించింది అంది. ఆ తర్వాతే ఆయన దేవుడి కొండకి నడిచాడు. రెండుసార్లు తిండి, రెండుసార్లు నిద్ర. నడిమి క్యాంపు అంటే అదే అన్నయ్యా! మీ పెద్దాయన నలభై రోజులు ఉన్నాడంటావా, ఆయన్ని పిలిచినవాడు పక్కనే ఉన్నాడు. మీ పక్కన ఉండేది నేను.

అరిచి లాభం లేదు, నా దగ్గర నీ పప్పులుడకవు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా గేటు దగ్గర ఆపేస్తాను. నిన్నే ముందు ఆపుతాను. అంత కష్టమైతే ఈ ఏడాదికి రావద్దు. నా చేత ఆ పని మాత్రం చేయించకు.

పిట్ట


జూన్ 3

గౌరవనీయులైన క్యాంపు అధికారిణి గారికి,

తమరి ఆదేశాలు అందినవి. "రావద్దు" అన్న మాట మూడుసార్లు చదువుకున్నాను.

నాకిప్పుడు అర్థమైంది. గొర్రెలూ కావు, రాళ్లూ కావు. తమరి పై అధికారులు చూస్తుండగా మైనం మరకల చొక్కాతో, లారీ కాన్వాసు గుడారంతో, గొంతు చించుకుని అరిచే అన్న ఒకడు దిగుతాడు. అది తమరికి నామోషీ. ఆ ముక్క సూటిగా రాసి ఉంటే సరిపోయేది. దూతని ఎందుకు అడ్డం పెట్టుకోవడం?

కొండ మీద వెలుగు చూసి, ఇక్కడే గుడారాలు వేసుకుందామని మురిసిపోయిన శిష్యుడొకడున్నాడు. వాణ్ణి కూడా ఎవరూ గేటు దగ్గర ఆపలేదు.

నేను మాటిచ్చాను. వస్తున్నాం. ఆపగలిగితే ఆపండి.

ఇట్లు,
ఒక గుడారాల కుట్టుపనివాడు


జూన్ 11

గౌరవనీయులైన బోధకులవారికి,

తమరి లేఖ చేరినది. నియమాలు మారలేదు. పన్నెండుగురి పేర్లు, వయసులు, పూర్వపు జబ్బులు రాసి పంపగలరు.

ఇట్లు,
క్యాంపు కాపలా

ఇంతటితో ముగిద్దామనుకున్నాను. చేతకాలేదు. నామోషీయా అన్నయ్యా? ఈ ఉత్తరం తెచ్చే డ్రైవర్ సరుకులతో పైదాకా ఎక్కినప్పుడల్లా నా గదిలో టీ తాగి వస్తుంటాడు. నా మంచం పైన గోడకి ఏం వేలాడుతోందో అతన్నే అడుగు. ఇంకేమీ అడగకు. అతనికి నోరు ఆగదు.


జూన్ 16

నా తల్లీ, నా పిట్టా,

అడిగాను. అతనికి నోరు ఆగలేదు.

వర్క్‌షాపులో కాన్వాసు కుప్ప మీద కూర్చుని టీ ఊదుకుంటూ చెప్పాడు. "ఏముందండీ, ఒక పాత కాన్వాసు ముక్క. దాని మీద వంకరటింకర అక్షరాలు. ఒక అక్షరం తిరగేసి కూడా ఉంది. ఎవరండీ రాసింది?" నేనే రాశాను, ఆ అక్షరం నాకు అప్పటికి సరిగ్గా రాదు అని చెప్పాను. చెప్పి దారపు ఉండ కోసం బల్ల కిందికి వంగాను. చాలాసేపు వెతికాను.

అతను అక్కడితో ఆపలేదు. "పోయినేడు మీ చెల్లెలు మనిషిని వీపున మోసుకుని దించింది తెలుసా? కుస్తీలు పట్టే మనిషండీ, కొండలా ఉంటాడు. మూడు గంటలు మోసింది. ఆఫీసువాళ్లు మెచ్చుకుని కాగితం ఇస్తే పెట్టెలో అడుగున పడేసింది" అన్నాడు. మీ వదిన చేతిలో గరిటె వదిలేసి వచ్చి వింది. వినడమేంటి, నా వైపు ఒక చూపు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో అలాంటి ప్రసంగం నేను వినలేదు.

నాకెందుకు చెప్పలేదే? ఏడాది పాటు నీ గొప్ప నీ దగ్గరే దాచుకున్నావు, నేను మాత్రం కొవ్వొత్తి ఆరలేదని ఊరంతా చాటుకున్నాను. బుట్టలో పెట్టి నదిలో వదిలిన పసివాణ్ణి గట్టు మీద నిలబడి కాపలా కాసింది ఎవరు? వాడి అక్క. ఆ పిల్ల నిలబడకపోతే పలకలూ లేవు, పెద్దాయనా లేడు. ఇన్నేళ్లుగా ఆ కథ చెబుతూ ఆ పిల్ల దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఆదివారం ఆగాను. గంటంబావు ఆగాను. బేకరీ తాత నిద్రపోయాడు గానీ, మిగతా అందరూ కళ్లు తుడుచుకున్నారు.

గుడారానికి కత్తెర పెట్టాను. రెండు కిటికీలు, ఎదురెదురుగా, పైన రెప్పల్లా మూతలు. కుట్టు చూస్తే నీకే తెలుస్తుంది, కోసిన చోటే ఎక్కువ అందంగా ఉంది. డప్పు అటక ఎక్కింది. గురువారమే వస్తాం. డ్రైవర్ శనివారం దాకా నడిమి క్యాంపులోనే ఆగుతానన్నాడు, ఎవరికైనా బాగోకపోతే దించడానికి.

ఆ ఎవరైనా ఎవరా అని నాకు బెంగ. బేకరీ తాతకి డెబ్బై రెండు. మీ వదిన మోకాలు సరేసరి. పైకి రాకూడనివాళ్లని ఎలా పోల్చుకోవాలో రాయి. నా మందని నేను కాచుకోవాలి కదా.

ఎనలేని గర్వంతో,
నీ అన్నయ్య


జూన్ 25

అన్నయ్యా,

తిరగబడిన ఆ అక్షరాన్ని నేను రెండో తరగతి దాకా అలాగే రాశాను. టీచరు కొట్టినా మార్చలేదు, మా అన్నయ్య అలాగే రాశాడని వాదించాను.

ఆ కుస్తీ మనిషి సంగతి చెప్పకపోవడానికి ఒక కారణం, చెబితే అది ఆదివారం ప్రసంగమైపోతుంది. రెండో కారణం ఇప్పుడు చెబుతాను. మోసింది నేనే. కానీ గేటు తీసింది కూడా నేనే. ఒకే రోజులో కింద నుంచి ఎక్కి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఆగండి" అన్నాను. "నన్ను ఆపుతావా?" అని గట్టిగా అరిచాడు. స్నేహితుల ముందు చిన్నతనమని అతని బాధ. ఆ గొంతుకి నేను పక్కకి తప్పుకున్నాను. సాయంత్రానికి పెదాలు నీలం తిరిగాయి. బతికాడు, మళ్లీ బరిలోకి మాత్రం దిగలేదట.

నీ గొంతు అతని గొంతు కన్నా పెద్దది అన్నయ్యా. నువ్వు అరిస్తే గేటు తీసేస్తానేమోనని నాకు భయం. అందుకే ఉత్తరాల్లో అంత బిగుసుకుపోయాను.

ఇక నువ్వడిగింది. తలనొప్పి తగ్గకపోయినా, వాంతి అయినా పైకి రాకూడదు. శనివారం పొద్దున నేల మీద తిన్నని గీత గీయండి. ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్లు ఆనించి, గీత దాటకుండా పది అడుగులు నడవాలి. తూలినవాళ్లు అప్పుడే, ఆ నిమిషమే కిందికి దిగిపోవాలి. పడుకుంటే తగ్గుతుందిలే అనకూడదు. కాన్వాసు మీద గీతలు కొట్టే నీ సుద్దదారం ఉంది కదా, అది తెచ్చుకో. వయసు చూసి ఎవరినీ లెక్క కట్టకు. కొండ వయసు చూడదు.

ఇంకొకటి. అందరికన్నా ముందు నడవాల్సింది నాయకుడే.

ఎదురుచూస్తూ,
పిట్ట


జులై 4, ఉదయం

పిట్టకి,

ఇది లారీ ముందు సీట్లో కూర్చుని రాస్తున్నాను. డ్రైవర్ ఇంజను ఆన్ చేసి గొణుగుతున్నాడు. మీ వదిన ఈ కాగితం నీకు అందిస్తుంది. నా కోసం ఆమె వెనక వెతక్కు.

నిన్న సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున రెండుసార్లు వాంతి అయింది, నీళ్ల తొట్టి వెనక్కి వెళ్లి కానిచ్చాను. అయినా మనసులో అనుకున్నాను, మాటిచ్చినవాణ్ణి, నడిస్తే అదే సర్దుకుంటుంది అని. అందరూ లేవకముందే సుద్దదారం తీసి గుడారం ముందు గీత కొట్టాను. బతుకంతా గీతలు కొట్టినవాణ్ణి, నా గీత ఏనాడూ వంకర పోలేదు. ఒంటరిగా నడిచాను. నాలుగో అడుగుకి తూలాను. మళ్లీ నడిచాను. మూడో అడుగుకే తూలాను.

పిట్టా, నిజం చెబుతున్నాను. ఆ గీతని కాలితో చెరిపేశాను. చూసినవాళ్లు లేరు. కొత్త గీత కొట్టి, నేను నడిచేశాను, ఇక మీరు రండి అంటే అడిగేవాళ్లు లేరు. బోధకుడి మాట ఎవరు కాదంటారు?

అప్పుడు నీ గేటు కళ్ల ముందు కనపడింది. అక్కడ నేను నిలబడి ఉన్నాను, ముఖం పాలిపోయి, ఇంత గొంతేసుకుని. నువ్వు నన్ను చూస్తున్నావు. రెండోసారి నీ చేత ఆ గేటు తీయించనా? ఇంత దూరం వచ్చింది అందుకా?

అందరినీ లేపాను. గీత మళ్లీ కొట్టాను. వాళ్ల ముందే నడిచాను, వాళ్ల ముందే తూలాను. బేకరీ తాత చేయి పట్టుకోబోతే వద్దన్నాను. తర్వాత ఒక్కొక్కరూ నడిచారు. పదకొండుమందీ తిన్నగా నడిచారు. ఆ తాత అయితే పదడుగులు నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ పదడుగులు నడిచి, "బోధకుడా, నువ్వు నాకన్నా ముందే ముసలాడివయ్యావే!" అన్నాడు. మీ వదిన మోకాలు కూడా నిలబడింది.

పలకలు మోసిన పెద్దాయన కూడా చివరికి దేవుడిస్తానన్న దేశాన్ని దూరం నుంచి చూశాడే గానీ అడుగు పెట్టలేదు. ఆ వాక్యం ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు, ప్రతిసారీ జాలిపడుతూ చెప్పాను. ఇప్పుడైతే జాలి లేదు. తను నడిపించినవాళ్లు దాటుతుంటే ఆయన కళ్లలో ఏముందో ఈ సీట్లో కూర్చున్నాకే తెలిసింది.

గుడారం పైకి వస్తోంది, విడి ముక్కలుగా విప్పి ఐదుగురు మోస్తున్నారు. కిటికీలు గాలి వాటం చూసి తెరువు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

నీ అన్నయ్య


జులై 5

అన్నయ్యా,

ఎలా ఉన్నావు? కిందికి దిగేకొద్దీ తల తేలిక పడి ఉంటుంది, పడిందని డ్రైవర్‌తో ఒక్క ముక్క చెప్పించు. ఆ మాట అందేదాకా నాకు ముద్ద దిగదు.

నిన్న మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. పదకొండుమంది. వదిన ముందు నడుస్తోంది. నువ్వు లేవని చూసి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. వదిన దూరం నుంచే కాగితం ఊపుతూ, "బాగానే ఉన్నాడే! నడిచి చూసుకుని తనే దిగిపోయాడు!" అని అరిచింది. అంత గొంతు వదినకి ఉందని నాకు తెలియదు. నీ సావాసం!

ఉత్తరం అక్కడే గేటుకి ఆనుకుని చదువుకున్నాను. అందరూ మూటలు దించుకుని నా వంక చూస్తున్నారు. గేటు బార్లా తీశాను.

నీ గుడారం మీద పొద్దుటి గాలి విరుచుకుపడింది. పక్కన వేసిన నాలుగు కొత్త డేరాల కర్రలు వంగిపోయాయి. నీది కదల్లేదు. లోపల ఒక్క చుక్క తడి లేదు. ఆ డేరాల పిల్లలు వచ్చి కిటికీ మూతలు ఎత్తి ఎత్తి చూశారు. "ఏ కంపెనీదండీ?" అని అడిగారు. బేకరీ తాత గుండెల మీద చేయి వేసుకుని, "మాది" అన్నాడు.

సూర్యోదయానికి అందరం పెద్దబండ ఎక్కాం. మబ్బులు పాదాల కింద ఉన్నాయి. వాక్యం చెప్పేవాళ్లు లేక అందరూ వదిన వైపు చూశారు, వదిన నా వైపు చూసింది. నేను నీ ఉత్తరం తీసి చదివాను. గీత చెరిపేసిన సంగతి దాటేద్దామా అనుకున్నాను. దాటలేదు, నువ్వే రాశాక నేనెవర్ని దాచడానికి? ముగించాక కాగితం మడిచాను. పక్క వాలులో గొర్రెపిల్ల ఒకటి అరిచింది. తాత మెల్లగా, "ఈయన గొంతు లేకుండా ఈయన మాట వినడం ఇదే మొదటిసారి. బాగా చెప్పాడు" అన్నాడు.

ఇప్పుడు రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాను. ఆ చివరి గడి గుర్తుందా? ఆరేళ్ల ఖాళీ. అందులో మొదటి పేరు నీది. వృత్తి అన్నచోట గుడారాలు కుట్టువారు, బోధకులు అని రాశాను. కారణం అన్నచోట "గీత మీద నడిచి చూసుకున్నారు" అని రాశాను.

బంధుత్వానికి ఆ రిజిస్టరులో గడి లేదు. నియమం ప్రకారం గడుల బయట ఏమీ రాయకూడదు. ఆరేళ్లలో నేనెప్పుడూ రాయలేదు.

ఈ రోజు మార్జిన్‌లో, అందరికీ కనపడేంత పెద్ద అక్షరాలతో, ఒక అక్షరం తిరగేసి మరీ రాశాను: మా అన్నయ్య.

పిట్ట